కప్పు వాటా

మా ఆయన కప్పులు పెంచేవాడు. కొనేవాడనీ దాచేవాడనీ అనను, పెంచేవాడు. జపాన్‌లో మా హాగి ఊళ్ళో ఆ మాటే అంటారు. కుక్కని పెంచినట్టు, పెరట్లో నారింజ చెట్టుని పెంచినట్టు కప్పుని పెంచుతారు. మా ఊరి మట్టి మెత్తన. బట్టీలో ఎంత కాల్చినా పూర్తిగా గట్టిపడదు. పైన పూసిన పూత సన్నగా నెర్రెలిస్తుంది. టీ పోస్తే టీ, బియ్యం పులియబెట్టి చేసే సాకె పోస్తే సాకె ఆ నెర్రెల్లోంచి మట్టిలోకి దిగుతుంది. అలా ఏళ్ళ తరబడి దిగగా దిగగా రంగు మారుతుంది. పాలతెలుపు కప్పు లేత నారింజ అవుతుంది, ఆ పైన గులాబీ అవుతుంది, ఎక్కడో ఒక మూల ఊదా తేలుతుంది. ఏడుసార్లు మారుతుందంటారు. ఏడోసారి చూసినవాళ్ళెవరో నాకు తెలీదు. అడిగితే మాత్రం అందరూ చూశామనే చెబుతారు.

కొత్త హాగి కప్పు కారుతుంది కూడా. సాకె పోసి పళ్ళెంలో పెడితే కాసేపటికి అడుగున తడి కనిపిస్తుంది. కప్పులు చేసే ఒకిత్సు మా ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను ఏడిపించేవాడు.

"పసిపిల్లలు పక్క తడపరూ వదినగారూ? ఇదీ అంతే. కొన్నేళ్ళకి నెర్రెలు పూడుకుంటాయి, తడపడం మానేస్తుంది. అప్పుడు పెద్దదైనట్టు."

"పక్కబట్టలు ఉతికేది మాత్రం నేనేగా," అనేదాన్ని పళ్ళెం తుడుస్తూ.

మా ఆయన పేరు తమోత్సు. మునిసిపాలిటీ నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. ఊరందరికీ నీళ్ళు పంపి తను మాత్రం ఇంటికొచ్చి సాకె తాగుతాడని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. మాకు పిల్లలు లేరు. మొదట్లో డాక్టర్ల చుట్టూ తిరిగాం, తర్వాత తిరగడం మానేశాం. ఆ తర్వాతే ఆయనకి ఈ కప్పులు తలకెక్కాయి. అలమరా నిండా చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టె మూత మీద చేసినవాడి చేతిరాత, ముద్ర. టీ గిన్నెలు, సాకె కూజాలు, గుప్పిట్లో పట్టే కప్పులు. నన్ను దుమ్ము కూడా దులపనిచ్చేవాడు కాదు. నేను చేపముద్దల కార్ఖానాలో పనిచేసేదాన్ని, చేతులు ఎంత కడిగినా చేప వాసన పోయేది కాదు. "మట్టి వాసన పీల్చేస్తుందే," అనేవాడు. ఆ చేతుల్తో వండింది మాత్రం మారు అడిగి మరీ తినేవాడు.

సాయంత్రం ఆయన ముందుగదిలో కప్పుతో కూర్చుంటే నేను వంటింట్లో గిన్నెలతో ఉండేదాన్ని. మధ్యలో కాగితపు తలుపు. కాస్త వేయించిన ఎండుచేప పళ్ళెంలో పెట్టి ఆ తలుపు జరిపి లోపలికి తోసేదాన్ని. మా కాపురం అంతా అలాగే సాగింది. చెడ్డవాడు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికైనా ఎదురుగా కూర్చోవాలి కదా.

ఆ అలమరాలో అన్నిటికన్నా ముద్దుబిడ్డ ఒకటుంది. ఒకిత్సు సొంతంగా బట్టీ పెట్టుకుని మొదటిసారి కాల్చినప్పుడు దిగిన సాకె కప్పు. మిగతావన్నీ పగిలో వంకరపోయో చెత్తకుప్పకి పోతే ఇదొక్కటి నిలబడిందట. మా ఆయన దాన్ని ముప్ఫై ఏళ్ళు రోజూ వాడాడు. కప్పంతా గులాబీ తిరిగింది, అడుగున ఊదా కూడా వచ్చింది. అంచు దగ్గర ఒక్కచోట, బొటనవేలు ఆనేంత మేర, తెల్లమచ్చ అలాగే ఉండిపోయింది. ఎంత పోసినా అది పండలేదు.

పండకపోవడానికి కారణం ఉంది. కప్పుకి ముఖం ఉంటుంది. చేసినవాడు ఏ వైపు అందంగా కుదిరిందనుకుంటే అది ముఖం. తాగేటప్పుడు దాన్ని అవతలికి తిప్పి వీపు వైపు నుంచి తాగాలి. ముఖం మీద పెదవి ఆనించడం మర్యాద కాదు. తెల్లమచ్చ సరిగ్గా ముఖం మీద, అంచుకి ఆనుకుని ఉంది. సాకె ఎప్పుడూ ఈ వైపు నుంచే నోట్లోకి పారితే ఆ వైపు అంచు తడిసేదెప్పుడు? మట్టిలోంచి మెల్లగా పాకి అక్కడికి చేరాల్సిందే.

"అదే చేరుతుందిలేరా, తొందరేం," అనేవాడు ఒకిత్సు. "అది పండిన రోజు నాకు చెప్పు. ఆ రోజుతో నా మొదటి బట్టీ ఆరిపోయిందనుకుంటా."

"నేను పోయేలోపు పండాలిరా," అనేవాడు మా ఆయన. ఇద్దరూ నవ్వేవాళ్ళు.

నారింజలు పూసే రోజుల్లో ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది, కాళ్ళు సన్నబడ్డాయి. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచి నీరు తీశారు. కాలేయం రాయిలా అయిపోయిందనీ, గొంతు కింద నరాలు ఉబ్బి ఉన్నాయనీ, అవి ఎప్పుడైనా చిట్లవచ్చుననీ డాక్టరు చెప్పాడు. కుర్రవాడు, మెత్తగా మాట్లాడతాడు. నా వైపు తిరిగి, "ఇక చుక్క కూడా వద్దమ్మా. మానేస్తే కొన్నేళ్ళు ఉంటారు. తాగితే చెప్పలేను," అన్నాడు.

ఇంటికొచ్చిన రోజే సీసాలన్నీ మోరీలో ఒంపేశాను. ఆయన అరిచినా బాగుండేది. సాయంత్రం కాగానే పెట్టెలోంచి ఆ కప్పు తీసి, చలికాలం దుప్పటి కప్పి వాడుకునే వేడిబల్ల మీద పెట్టుకుని, ఖాళీ కప్పుని చూస్తూ కూర్చునేవాడు. ఎండాకాలం పోయింది. అన్నం తగ్గింది, మాట తగ్గింది. ఓరోజు కప్పు నాకు చూపించి, "చూడవే, రంగు చచ్చిపోతోంది," అన్నాడు. నిజంగానే గులాబీ బూడిద తిరిగినట్టు కనిపించింది. పోయకుండా ఎండబెడితే అంతేనట. అప్పటిదాకా పెంచినదంతా వెనక్కి పోతుందట.

"కప్పు చచ్చిపోతే చచ్చిపోనీండి. మీరు బతికితే చాలు," అన్నాను.

"నీకేం తెలుసు," అన్నాడు. కోపంగా కాదు, జాలిగా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రోజూ పథ్యం వండి పెట్టేది నేను, రాత్రిళ్ళు కాళ్ళు పట్టేది నేను, ఈయన బెంగ మాత్రం ఆ మట్టిముక్క మీద.

మర్నాడు బజారుకెళ్ళి చిన్న సీసా కొనుక్కొచ్చాను. బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం చూడాలి.

"ఆశపడకండి. మీకు కాదు. నేను తాగుతాను."

"నువ్వా?"

"నేనే. కప్పుకి కావలసింది సాకేగా. ఎవరి గొంతులోకి పోతే దానికేం? మీరు చూస్తూ ఉండండి."

ఆయన ముఖం విప్పారింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అలా చూడడం ఎప్పుడూ ఎరగను. అలమరాలోంచి కూజా తీశాడు, మెత్తటి గుడ్డ తీశాడు, నాకు పాఠం మొదలుపెట్టాడు.

"ముందు నీళ్ళలో ముంచు. పొడి కప్పులో సాకె పోస్తే మరక పడుతుంది. ఆ, చాలు. తుడువు. రుద్దకు, అద్దు. ఇప్పుడు సాకె పొయ్యి. ముఖం ఎటుంది?"

"ఇటు."

"అవతలికి తిప్పు. అరచేతిలో అడుగు ఆనించు, వేళ్ళు చుట్టూ వెయ్యి. కాస్త వెచ్చబడనీ. తాగు."

తాగాను. గొంతు మండి దగ్గొచ్చింది, కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం వంటింటి తలుపు తీసేసి ఆయనకి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన ముందు బార్లీ టీ, నా ముందు సాకె. ఆయన కళ్ళు నా గొంతు మీదే ఉండేవి. మింగినప్పుడల్లా తనూ మింగేవాడు. మొదట్లో జాలేసేది, తర్వాత అలవాటైపోయింది. నాకు రుచి కూడా తెలియడం మొదలైంది, సిగ్గెందుకు చెప్పడానికి. రెండు కప్పులు పడితే నోరు లేచేది. మా అత్తగారు నన్ను మాటలన్న సంగతులు, కార్ఖానాలో మేస్త్రీ వేషాలు, పిల్లలు లేరని పండగల్లో నా వెనక ఎవరేమనుకున్నారో, అన్నీ చెప్పేశాను. "ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. "మధ్యలో తలుపుందిగా," అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి నన్ను కప్పులన్నీ ముట్టుకోనిచ్చాడు. చేప వాసన సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మా కాపురంలో సుఖపడిన రోజులు ఏవని ఎవరైనా అడిగితే అవే చెబుతాను. ఇవాళ్టికీ అవే చెబుతాను, అదే నా ఖర్మ.

ఒకటి మాత్రం కచ్చితంగా ఉన్నాను. సీసా నా బట్టల బీరువాలో, తాళంలో. తాళంచెవి తాడు కట్టి నా నడుముకి. ఆయన్ని పూర్తిగా నమ్మలేను కదా. కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశాను. చుట్టుపక్కల దుకాణాలన్నిటికీ చెప్పి ఉంచాను, మా ఆయనకి సీసా అమ్మితే ఊరుకోనని. వాళ్ళకి నా నోరు తెలుసు.

కొన్నాళ్ళకి ఆయనే నన్ను పేరు పెట్టి పిలిచి అన్నాడు. "కప్పు వాటా కూడా కాస్త వదులు ఫుసాయే."

"కప్పు వాటా ఏమిటి?"

"నువ్వు తాగేసి వెంటనే ఖాళీ చేస్తే మట్టిలోకి ఏం దిగుతుంది? ఆఖర్న ఓ గుక్కెడు అందులోనే వదిలెయ్యి. రాత్రంతా నాననీ. పెంచేవాళ్ళందరూ అలాగే చేస్తారు."

చేస్తారన్న మాట నిజమే. ఒకిత్సు ఇంట్లోనూ చూశాను. సరేనని పడుకోబోయే ముందు కప్పులో ఓ గుక్కెడు వదిలి, పైన గుడ్డ కప్పి వంటింటి గట్టు మీద పెట్టాను. ఆయన ఎప్పుడూ నాకన్నా ముందే లేస్తాడు. పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళేసరికి కప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూశావా. తాగేసింది."

చూశాను. లోపల తేమ తప్ప ఏమీ లేదు. నాకు ముచ్చటేసింది. అయినా అడిగాను, అడగకుండా లేను. "ఇది తడపడం మానేసి చాలా ఏళ్ళయిందిగా. మళ్ళీ తాగడమేమిటి?"

"ఎండాకాలమంతా ఎండబెట్టాంగా. నెర్రెలు నోళ్ళు తెరిచాయి. దాహం వేసింది పాపం."

పాపం అన్నాడు. నేనూ పాపం అనుకున్నాను. మట్టి సంగతి ఆయనకి తెలిసినంత నాకేం తెలుసు? కప్పు కడిగి, వరండాలో నీడన ఆరబెట్టడం ఆయన పని. ఉమె అనే పుల్లటి పండు ఊరగాయ ఒకటి బుగ్గన పెట్టుకుని, చప్పరిస్తూ, మెల్లగా తుడుస్తూ ఉండేవాడు. ఉమె కాలేయానికి మంచిదని ఎవరో చెప్పారట.

ఆ తర్వాత కప్పు వాటా వదలడం నాకు దీపం పెట్టినంత నియమం అయిపోయింది. రోజూ పొద్దున అది ఖాళీగా ఉండేది. గుక్కెడు పోస్తే గుక్కెడు తాగింది, సగం పోస్తే సగం తాగింది. "ఎంత ఆకలమ్మా నీకు," అని కప్పుతో మాట్లాడేదాన్ని. చలి ముదిరాక అంచుదాకా నింపడం మొదలుపెట్టాను. పిల్లాడు అన్నం మారు అడిగితే తల్లికి ఎంత సంబరమో అంత సంబరంగా నింపేదాన్ని.

శరదృతువు చివర్లో తెల్లమచ్చ కదిలింది. ముందు అంచున సన్నటి గీతలా లేత నారింజ వచ్చింది. నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. వారం వారం కిందికి పాకింది. కొత్త సంవత్సరం నాటికి సగం మచ్చ గులాబీ తిరిగింది. ఆయన భూతద్దం పెట్టి చూసేవాడు, నా చేతికిచ్చేవాడు, మళ్ళీ లాక్కునేవాడు.

"నీ చెయ్యి మంచిదే. ముప్ఫై ఏళ్ళు నా వల్ల కానిది నువ్వు చేశావు," అన్నాడు.

ఆ మాటకి పొంగిపోయాను. ఎందుకు పొంగిపోనూ? ఆ ఇంట్లో నేను పెంచినది అదొక్కటే.

ఒకిత్సుని పిలిచాం. ముసలాడు మంచులో కర్ర పట్టుకుని వచ్చాడు. కప్పు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళాడు. ఎంతసేపు చూశాడో. మచ్చ మీద బొటనవేలు రాశాడు. నా వైపు చూశాడు, నోరు తెరిచాడు, ఏదో అనబోయి మూసేశాడు. ఆనందంతో మాట రాలేదనుకున్నాను.

"పండిందిరా," అన్నాడు చివరికి. "బాగా పెంచారు వదినగారూ."

"ఇంకా పూర్తిగా కాలేదు. కింద గోరంత మిగిలింది," అన్నాడు మా ఆయన.

"అది ఉంటే ఏం?"

"ఉంటే ఏమిటేమిట్రా. పూర్తి కావాలి."

ఒకిత్సు ఆ కప్పుని వచ్చే ప్రదర్శనలో పెడతానన్నాడు. మూత మీద తన చేతిరాత పక్కన పెంచినవాళ్ళ పేరు కూడా రాస్తానన్నాడు. మా ఆయన నా పేరే రాయమన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి ముఖం కడుక్కున్నాను.

మధ్యలో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు రక్తపరీక్ష కాగితం చూస్తూ, "ఇంట్లో ఏమైనా తాగుతున్నారా?" అన్నాడు. నాకు మండుకొచ్చింది. "చుక్క ముట్టలేదు బాబూ. తాళంచెవి ఇదిగో, నా నడుముకే ఉంది. ఆయన వంతు కూడా నేనే తాగుతున్నాను," అన్నాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. డాక్టరు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "సరేనమ్మా," అన్నాడు. నేను దారి పొడుగునా ఆ కుర్రాణ్ణి తిట్టుకుంటూనే వచ్చాను.

చలికాలం చివర, నదిలో తెల్లచేపలు పడే రోజులు. ఆ పొద్దున నిద్రలేచేసరికి వంటింట్లో నీళ్ళ తొట్టి ముందు ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తొట్టి నిండా నెత్తురు. గడ్డం మీద, చొక్కా మీద, నేల మీద. కప్పు మాత్రం గట్టు మీద గుడ్డ పరిచి భద్రంగా పెట్టి ఉంది. ఖాళీగా ఉంది. అంబులెన్సు వచ్చేసరికి ఆయన నా చెయ్యి పట్టుకుని, "మచ్చ చూడు," అన్నాడు. ఇంకేదో చెబుతాడని చూశాను. అదే ఆఖరి మాట. ఆసుపత్రి చేరకముందే పోయాడు.

దహనం అయ్యాక ఎముకలు చాప్‌స్టిక్కులతో ఏరి కుండలో పెట్టాం. ఇంట్లో పోయిన పెద్దల కోసం ఉంచిన పీఠం ముందు తెల్లగుడ్డ పరిచి ఆ కుండ ఉంచాను. అగరొత్తులు, అన్నం, నీళ్ళు. పక్కనే ఆయన కప్పు పెట్టాను. చివరి గోరంత తెలుపు కూడా పోయింది. మచ్చ ఉందని చెబితే తప్ప ఎవరికీ తెలీదు. సాయంత్రం కప్పు నిండా సాకె పోసి ఆయన ఫొటో ముందు ఉంచాను. ఇప్పుడైనా తాగండి, ఇక డాక్టరు ఏమీ అనడు, అన్నాను. ఏడ్చాను కూడా.

పొద్దున లేచి చూస్తే కప్పు నిండుగానే ఉంది.

చలికి అనుకున్నాను. పీఠం ఉన్న గది చల్లన, మట్టి బిగుసుకుని ఉంటుంది. రెండో రోజూ అలాగే ఉంది. కప్పుకి కూడా దుఃఖం ఉంటుందనుకున్నాను. నవ్వకండి. ఎన్నో ఏళ్ళుగా మా ఇంట్లో కప్పు ఏడ్చింది, కప్పుకి దాహం వేసింది, కప్పు అలిగింది అనే మాట్లాడుకున్నాం. ఎత్తి కింద చూశాను. పళ్ళెం పొడిగా ఉంది. వంటింటి గట్టు మీద పెట్టి చూశాను, అదే గుడ్డ కప్పి చూశాను. పొద్దున్నే వెళ్ళి గుడ్డ తీసేదాన్ని. ఎంత పోశానో అంతా ఉండేది. పైన ఒక దుమ్ము కణం తేలుతూ ఉండేది. తెలిసిపోతూనే ఉంది. తెలుసుకోనని మొండికేసి కూర్చున్నాను.

నలభై తొమ్మిదో రోజున కుండ సమాధిలో పెట్టి వచ్చాక అందరూ వెళ్ళిపోయారు. ఒకిత్సు ఒక్కడే మిగిలాడు. పీఠం ముందు కూర్చుని కప్పు వైపు చూశాడు.

"నిండుగా ఉందేం వదినగారూ?"

"తాగట్లేదు అన్నయ్యగారూ. ఆయన ఉన్నప్పుడు రాత్రి పోస్తే పొద్దుటికి మొత్తం తాగేసేది. ఆయన పోయినప్పటి నుంచి చుక్క ముట్టట్లేదు."

ఒకిత్సు కప్పు ఎత్తి చుట్టూ తిప్పాడు.

"ఒక మాట చెప్పనా. ఆ రోజే చెప్పాల్సింది. వాడి ముందు మిమ్మల్ని తప్పుపట్టినట్టుంటుందని ఊరుకున్నా. మీరు ముఖం వైపు నుంచి తాగుతూ వచ్చారు కదా."

"ఏమిటి?"

"కొత్త కదా, తెలియక తాగి ఉంటారు, పోనీలే అనుకున్నా. ఈ మచ్చ పండిన తీరు చూడగానే తెలిసిపోయింది. ఇక్కడి నుంచి సాకె పారితే తప్ప ఇలా పండదు. అంచు చూడండి, పెదవి ఆనిన చోటు నున్నగా అయింది. తప్పని కాదు వదినగారూ. మీ పొరపాటు వల్లే కప్పు పూర్తయింది."

"నేను అటు నుంచి ఒక్కసారి కూడా తాగలేదు అన్నయ్యగారూ."

"గుర్తులేదేమో."

"ఆయన ఎదురుగా కూర్చుని నా చేతుల్నే చూస్తూ ఉండేవాడు. ఎలా తాగుతాను?"

ముసలాడి చెయ్యి ఆగిపోయింది. కప్పులో సాకె ఒలికి ఆయన మోకాలి మీద పడింది, తుడుచుకోలేదు. పీఠం మీది ఫొటో చూశాడు. నేనూ చూశాను. వేసవిలో ఉద్యోగుల పిక్నిక్‌లో తీసింది, టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు.

"వెధవ," అన్నాడు ఒకిత్సు మెల్లగా. "ఎంత పని చేశాడు వెధవ." తర్వాత తల పట్టుకున్నాడు. "నేను ఆ రోజు నోరు విప్పి ఉంటే. మర్యాద, మర్యాద అని నోరు కట్టుకున్నాను."

నేను ఓదార్చలేదు. నాకు ఆ ఓపిక లేదు. ఒకిత్సు వెళ్ళేటప్పుడు ప్రదర్శన మాట ఎత్తబోతే, "మీ కర్ర మర్చిపోకండి," అని తలుపు జరిపేశాను.

ఇంట్లో ఒక్కదాన్ని కూర్చున్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ సీసా తాళంలో పెట్టాను. తాళంచెవి నడుముకి కట్టుకున్నాను. దుకాణాలన్నిటికీ చెప్పి వచ్చాను. ఆ ఇంట్లోకి చుక్క వచ్చే దారే లేకుండా చేసి, ఒకే ఒక్క దారి నా చేత్తోనే తీసి, రోజూ అంచుదాకా నింపి, పైన గుడ్డ కప్పి పడుకున్నాను. చెవిలో పువ్వు పెట్టాడు. ఆ పువ్వు పెట్టుకుని నేను చలికాలమంతా మురిసిపోయాను.

ఒకటే నాకు మింగుడుపడడం లేదు. ఆయనది ఉత్త తాగుడు యావే అయితే ఏ వైపు నుంచి తాగినా ఒకటే కదా. చీకట్లో, ఆ చలిలో, నాకు వినబడకుండా గట్టు దగ్గరికి వచ్చి కప్పు తీసుకున్న మనిషి, దాన్ని తిప్పుకున్నాడు. మర్యాద తప్పి, ముఖం మీద పెదవి ఆనించి, ఆ మచ్చ మీదుగా పారేలా తాగాడు. రోజూ తాగాడు. చుక్క చుక్కా తన ప్రాణం తీస్తుందని తెలిసి, బొటనవేలంత తెలుపు పోగొట్టడానికి తాగాడు. తాగుబోతై పోయి ఉంటే క్షమించేదాన్ని. తాగుబోతులకి భార్యలున్నారని కూడా గుర్తుండదు. ఈయనకి అన్నీ గుర్తున్నాయి. నా ఎదురుగా కూర్చుని, నా కబుర్లన్నీ విని, నీ చెయ్యి మంచిదే అన్నాడు. నన్నొక్కదాన్ని వదిలిపోవడానికి ఆయనకి ఏ బాధా లేకపోయింది, మచ్చ మిగిలిపోతుందేమోనన్న బాధ తప్ప.

పగలగొడదామని పెరట్లో రాయి దాకా వెళ్ళాను. ఎండలో దాని రంగు చూశాను. అబద్ధం ఎందుకు, అంత అందమైన వస్తువుని నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి రాలేదు. తిట్టుకుంటూ లోపలికి తెచ్చాను.

సాయంత్రమైంది. ఎప్పటిలా నీళ్ళలో ముంచాను, అద్ది తుడిచాను, వేడిబల్ల మీద పెట్టి నింపాను. ఎదురుగా ఆయన కూర్చునే దిండు ఖాళీగా ఉంది. కప్పుని తిప్పాను. ముఖం నా వైపు తిప్పుకున్నాను. ఆయన నోరు ఆనిన చోటే నా నోరు ఆనించి, అడుగు కనిపించేదాకా తాగాను. కప్పు వాటా చుక్క కూడా వదలలేదు.